చెయ్యి దిగితే చప్పుడు

పోయిన వారం మా నాన్నని ఓ చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, తలుపు మూసి కథ ఆపేశాను. "పెద్దాయన్ని వారమంతా అలా గాలి ఆడని గదిలో ఉంచేస్తావా, నీకు మనసెలా ఒప్పిందే" అని మా పక్కింటావిడ నన్ను గేటు దగ్గర పట్టుకుని దులిపేసింది. ఆవిడ కోసమైనా ఆయన్ని ఈ వారం బయటికి తీసుకురావాలి. కానీ ఈ పేజీని ఇవాళే మొదటిసారి తిప్పినవాళ్ళు కూడా ఉంటారు కాబట్టి ముందు వాళ్ళకి రెండు ముక్కలు.

మా నాన్న సైన్యంలో ఫిరంగి దళంలో పనిచేసి రిటైరయ్యాడు. ఫిరంగికి గురి కుదర్చడం ఆయన పని. ఆ పనికి ఇచ్చిన ఇత్తడి డాలు మా హాల్లో గడియారం కింద ఉంటుంది. నేను దాని కింద హోంవర్కు చేశాను, దాని కింద అలిగి పడుకున్నాను, దాని కింద నిలబడే మొదటి పెళ్ళి సంబంధం వద్దన్నాను. ఫిరంగులు ఆయనకి డాలుతో పాటు చెవుడు కూడా ఇచ్చాయి. కాలింగ్ బెల్ మోగితే ఆయనకి తెలీదు. అమ్మ ఆయన్ని పిలవాలంటే గదిలో లైటు ఆర్పి వెలిగిస్తుంది. ఒకసారి ఆర్పితే అన్నానికి రమ్మని, గబగబా చాలాసార్లు ఆర్పితే కోపం వచ్చిందని.

ఇలాంటి మనిషి వైకల్య పింఛనుకి దరఖాస్తు పెట్టుకుంటే, వైద్య బోర్డు పరీక్ష చేసి ఏం తేల్చిందో తెలుసా? వినికిడి మామూలుగానే ఉందట. చెవుడు నటన అని అనుమానించాల్సి వస్తోందట. పింఛను మాట దేవుడెరుగు, ఆ 'నటన' అన్న మాట మా నాన్నని లోపల్నించి తినేసింది. మాజీ సైనికుల సంఘంలో రోజూ చదరంగం ఆడేవాడు కాస్తా, కబురు అక్కడిదాకా పాకాక ఆ గుమ్మం తొక్కడం మానేశాడు. అప్పీలు చేస్తే ఒకే ఒక్క అవకాశం ఇచ్చారు. బోర్డుతో సంబంధం లేని డాక్టరు దగ్గర మళ్ళీ పరీక్ష. ఈ ఫలితమే ఆఖరిది. ఇది కూడా మామూలుగా ఉందని వస్తే ఫైలు మూసేస్తారు, మా నాన్న ఆ కాగితాల్లో జీవితాంతం అబద్ధాలకోరుగా మిగిలిపోతాడు.

అదీ సంగతి. ఇక తలుపు మూసిన దగ్గరికి వద్దాం.

ఆ గది మా ఇంట్లో స్నానాల గది కంటే కాస్త పెద్దదేమో. గోడలన్నిటికీ దళసరి స్పాంజి అంటించారు. ఒక గోడకి కిటికీ, దానికి రెండు పొరల అద్దం. లోపల కుర్చీలో మా నాన్న, చేతిలో వైరున్న చిన్న మీట. చప్పుడు వినపడినప్పుడల్లా బొటనవేలితో నొక్కాలి, అంతే పని. కిటికీకి ఇవతల చెవుల డాక్టరమ్మ యంత్రం ముందు కూర్చుంది. అప్పీలు పరీక్షలో ఇంటివాళ్ళు ఒకరు పక్కన ఉండొచ్చని నిబంధన ఉంది కాబట్టి నేను ఆవిడ పక్కన స్టూలు మీద కూర్చున్నాను. బయట వసారాలో బెంచీ మీద బారెడు బాబాయ్.

బారెడు బాబాయ్ అంటే మా నాన్నతో ఒకే ఫిరంగి మీద పనిచేసినాయన. పేరేమిటో నాకు చాలాకాలం దాకా తెలీదు. తలుపుల్లోంచి వంగి వచ్చేంత పొడుగు, అందుకని దళంలో పెట్టిన పేరు ఇంటిదాకా వచ్చేసింది. ఆయన పని గుళ్ళు ఎత్తి ఫిరంగిలోకి పెట్టడం. ఆయనకీ చెవుడే, కానీ ఆయన దరఖాస్తు ఎప్పుడో ఒప్పుకున్నారు. చెవికి యంత్రం కూడా ఇచ్చారు. ఆ రోజు మా నాన్న తరఫున సాక్ష్యం చెప్పడానికి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. "గట్టిగా మాట్లాడరాదు" అని రాసిన బోర్డు కింద కూర్చుని, పక్కనున్న ఎవరితోనో లోకాభిరామాయణం వీధి చివరికి వినపడేలా చెప్తున్నాడు.

"మొదలుపెడదాం" అంది డాక్టరమ్మ.

యంత్రం మీద రెండు చిన్న దీపాలున్నాయి. ఆవిడ హెడ్‌ఫోన్లలోకి చప్పుడు పంపితే పచ్చది వెలుగుతుంది. లోపల మా నాన్న మీట నొక్కితే ఎర్రది వెలుగుతుంది. ఆవిడ చేతులు కిటికీ గట్టుకి కింద ఉంటాయి కాబట్టి లోపలివాళ్ళకి కనపడవు. జాగ్రత్త గల మనిషి. చప్పుడు పంపేటప్పుడు మొహంలో కనురెప్ప కూడా కదలనివ్వలేదు.

పచ్చది వెలిగింది. వెంటనే ఎర్రది.

పచ్చది. ఎర్రది.

చప్పుడు తగ్గించింది. ఎర్రది వెలిగింది. ఇంకా తగ్గించింది. మళ్ళీ ఎర్రది. చెమ్చా కింద పడితే తెలియని మనిషి, చీమ నడిచినంత సన్నటి చప్పుళ్ళకి ఠక్కున నొక్కుతున్నాడు. పైగా ఆ కూర్చోవడం చూడాలి, వెన్ను నిటారుగా పెట్టి, గడ్డం కొంచెం పైకెత్తి, పరేడులో ఉన్నట్టు. నాన్నా, కాస్త చెవిటివాడిలా ఉండవయ్యా అని అరవాలనిపించింది. మరుక్షణమే సిగ్గేసింది. అంటే బోర్డువాళ్ళు అన్నదీ, నేను అనుకుంటున్నదీ ఒకటేగా?

డాక్టరమ్మ చెయ్యి ఆపి నా వైపు తిరిగింది. "మీ నాన్నగారి వయసులో ఎవరికైనా సన్నటి చప్పుళ్ళు కొంతైనా తగ్గుతాయండీ. ఫిరంగుల దగ్గర పనిచేయకపోయినా సరే. ఈ లెక్కన ఈయనకి నాకంటే బాగా వినపడుతోంది."

"అంటే బోర్డువాళ్ళు చెప్పిందే నిజమా?"

"అది అనలేదు. నమ్మలేకపోతున్నానని అంటున్నాను. ఎక్కడో ఏదో తేడా ఉంది. అదేంటో తెలిస్తే బాగుండు."

ఆవిడ గొంతులో అనుమానం లేదు, ఆసక్తి ఉంది. తాళంచెవి తిరగడం లేదంటే తాళం లోపల ఏముందో చూడాలనుకునే రకం. అప్పుడే నాకు ఆవిడ నచ్చేసింది.

నేను డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాను. నా ఉద్యోగమంతా పక్క సీట్లోనే. కొత్తవాళ్ళు నేను రోడ్డు చూస్తూ కూర్చుంటాననుకుంటారు. రోడ్డు ఎక్కడికి పోతుంది? నేను చూసేది వాళ్ళ కళ్ళు. చెయ్యి ఎటు తిప్పబోతోందో, కాలు దేని మీద పడబోతోందో కళ్ళు ముందే చెప్పేస్తాయి. అద్దం చూడమంటే బిక్కమొహం వేసుకుని ఎదురుగా చూసేవాళ్ళనీ, ఎదురుగా చూడమంటే అద్దంలో తల సరిచేసుకునేవాళ్ళనీ నేను ఆమడ దూరం నుంచి పట్టేస్తాను.

కాబట్టి ఈసారి దీపాలు వదిలేసి మా నాన్న కళ్ళు చూశాను.

ఆయన డాక్టరమ్మ మొహం వైపు చూడటం లేదు. ఆవిడ భుజం మీదుగా, వెనక్కి చూస్తున్నాడు. రెప్ప వేయడం లేదు. వెనక ఏముందా అని తిరిగి చూశాను. గోడ వారగా అద్దాల బీరువా. లోపలి అరలో, విడదీసి చూపించడానికి ప్లాస్టిక్‌తో చేసిన పెద్ద చెవి బొమ్మ. ఆ బొమ్మని చూస్తున్నాడు కాబోలు అనుకున్నాను ముందు. తర్వాత నా తల ఆయన తల ఎత్తుకి తెచ్చి, కొంచెం పక్కకి వంచి, ఆయన చూపు పడే చోటే చూశాను. బీరువా అద్దంలో డాక్టరమ్మ వీపు, మోచెయ్యి, మోచేతి కింద మణికట్టు, యంత్రం మీద వేలు. అన్నీ శుభ్రంగా కనపడుతున్నాయి.

"డాక్టరుగారూ, మా నాన్న మీ వేలు చూస్తున్నాడు" అని గుసగుసలాడాను. ఆ తర్వాత గుసగుసలు ఎందుకో నాకే అర్థం కాలేదు. లోపలికి మామూలు మాటలే పోవు.

ఆవిడ వెనక్కి తిరగలేదు. తిరిగితే ఆయనకి తెలిసిపోతుందని. పెదవులు కదలకుండా, "ఎందులో?" అంది.

"మీ వెనక బీరువా అద్దంలో."

డాక్టరమ్మ మళ్ళీ యంత్రం వైపు వంగింది. తర్వాత మొహంలో ఏ మార్పూ లేకుండా చప్పుడు మీటకి పక్కన, ఏమీ లేని చోట, ఉత్తి బల్ల మీద వేలు ఆనించింది. పచ్చ దీపం వెలగలేదు. లోపలికి ఏ చప్పుడూ పోలేదు.

ఎర్ర దీపం వెలిగింది.

మళ్ళీ బల్ల మీద వేలు. మళ్ళీ ఎర్ర దీపం. లోపల మా నాన్న మొహంలో ఇసుమంత తడబాటు లేదు.

డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. "నా సర్వీసులో వినపడనట్టు నటించేవాళ్ళు చాలామంది తగిలారండీ. పింఛను కావాలంటే ఎవరైనా అదే చేస్తారు. కానీ పింఛను కోసం వచ్చి, వినపడుతున్నట్టు నటించే మనిషిని ఇప్పుడే చూస్తున్నాను. ఎందుకంటారు?"

నాకేం తెలుసు? నేను లేచి బీరువా దగ్గరికి వెళ్ళి, దుమ్ము దులుపుతున్నట్టు నటిస్తూ తలుపు ఒకటి కొంచెం తెరిచాను. కారు పక్క అద్దం మీద చెయ్యి వేసి ఇంకోవైపు తోస్తే ఏమవుతుందో అదే అయింది. ఇప్పుడు ఆ అద్దంలో నాన్నకి కనపడేది గోడ మీద క్యాలెండరు. తిరిగి వచ్చి స్టూలు మీద కూర్చున్నాను.

డాక్టరమ్మ చప్పుడు పంపింది. పచ్చ దీపం వెలిగింది. ఎర్రది వెలగలేదు.

చప్పుడు పెంచింది. ఎర్రది వెలగలేదు. ఇంకా పెంచింది. ఇంకా. ఒక దశలో ఆ గోడలూ ఆ స్పాంజీ దాటుకుని సన్నగా కూ మంటూ నాకే వినపడింది. చెవుల మీదే మోగుతున్న ఆ చప్పుడుకి మా నాన్న మాత్రం నిటారుగా, గడ్డం పైకెత్తి, బొటనవేలు మీట మీద ఉంచి కూర్చున్నాడు. ఆజ్ఞ రాగానే నొక్కడానికి సిద్ధంగా. మొహంలో కొంచెం విసుగు కూడా కనిపించింది, వీళ్ళేమిటి ఇంత ఆలస్యం చేస్తున్నారు అన్నట్టు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళూ చెవుడు చెవుడు అంటున్నానే గాని, అది ఇంత ఉంటుందని నాకూ తెలీదు.

తలుపు తీశాం. మా నాన్న హెడ్‌ఫోన్లు తీసి పద్ధతిగా కొక్కేనికి తగిలించి, "మధ్యలో ఆపేశారేం? రెండో సగం ఎప్పుడు మొదలుపెడతారు?" అన్నాడు.

ఎదురుగా నిలబడి నిదానంగా మాట్లాడితే ఆయన పెదవులు చదువుతాడు. నేను ఎదురుగా నిలబడ్డాను కానీ నిదానంగా మాట్లాడలేకపోయాను. "నాన్నా, నీకేమీ వినపడలేదు. ఆవిడ వేలు చూసి నొక్కావు. బోర్డు దగ్గరా ఇదే చేసి ఉంటావు. చూసి నొక్కి, నొక్కి, నీ నోట్లో నువ్వే మట్టి కొట్టుకున్నావు. ఎందుకు చేశావలా?"

ఆయన మొహం మాడిపోయింది. "వినపడితేనే నొక్కాను."

"చప్పుడు లేకుండా వేలు పెట్టినా నొక్కావు!"

"వినపడింది తల్లీ. నేను అబద్ధం చెప్తానా?"

నా గొంతు వసారాలోకి వెళ్ళినట్టుంది. బారెడు బాబాయ్ తలుపులో వంగి లోపలికి వచ్చాడు. "ఏంటమ్మాయ్, నాన్న మీద పడ్డావ్?" అన్నాడు. ఆయనకి అది గుసగుసే గాని, కిటికీ అద్దాలు అదిరాయి. డాక్టరమ్మ జరిగింది చెప్పింది. బాబాయ్ సగం విని, మిగతా సగం ఊహించి, పకపకా నవ్వాడు.

"అయ్యో, ఇదా! ఫిరంగి దగ్గర చెవులతో పనేముందమ్మా? మొదటి గుండు పేలాక ఎవడికీ ఏమీ వినపడదు. అంతా కమాండరు చెయ్యే. చెయ్యి పైకి లేస్తే సిద్ధం." చెయ్యి ఎత్తాడు, అది దాదాపు లైటుకి తగిలింది. "చెయ్యి కిందికి దిగితే పేల్చు. అదిగో, వాణ్ణి చూడు."

మా నాన్నని చూశాను. బాబాయ్ చెయ్యి లేవగానే ఆయన వెన్ను నిటారైంది. బాబాయ్ చెయ్యి దిగగానే, మీట కూడా లేని ఆయన బొటనవేలు టక్కున ముడుచుకుంది. తనకే తెలీదు. తర్వాత ఆ వేలిని చూసుకుని ఆశ్చర్యపోయాడు.

"ఇంకోటుంది" అన్నాడు బాబాయ్ ఉత్సాహంగా. అరచెయ్యి మా వైపు తిప్పి మొహం ముందు అడ్డంగా ఊపాడు. "ఇది చూస్తే ఎక్కడి పని అక్కడ ఆగిపోవాలి. చేతిలో గుండు ఉన్నా సరే, నోట్లో మాట ఉన్నా సరే. ఆపెయ్యమని అన్నమాట."

డాక్టరమ్మ ఆ మూడు సైగలూ తనూ చేసి చూసుకుంది, స్కూలు పిల్లలా. తర్వాత మా నాన్న ఎదురుగా కూర్చుని, పెదవులు స్పష్టంగా కదిలిస్తూ అడిగింది. "నా వేలు కదిలినప్పుడు మీకు నిజంగా ఏం జరిగిందో చెప్పండి సార్. ఎవరూ మిమ్మల్ని తప్పు పట్టరు."

ఆయన బొటనవేలు చాపి, ముడిచి చూసుకున్నాడు. "చెయ్యి దిగితే నాకు చప్పుడు వినపడుతుందమ్మా. లోపల. టప్పుమని. ఇంట్లో మా ఆవిడ లైటు ఆర్పినా నాకు పిలిచినట్టే వినపడుతుంది, పేరు పెట్టి. నేను వినపడుతోందనే అనుకుంటున్నాను. కాదా?"

బోర్డువాళ్ళ ముందు పంతానికి పోయి చెడగొట్టుకున్నాడేమోనని ఇందాక నేను అనుకున్నాను. నేను చెంపలు వేసుకోవాలి. ఆయన వాళ్ళకి నిజమే చెప్పాడు, ఇప్పుడు మాకూ నిజమే చెప్పాడు.

"ఇదంతా రాస్తాను" అంది డాక్టరమ్మ. "బోర్డు పరీక్షలో కూడా చెయ్యో భుజమో కనపడి ఉంటుంది. నటన కాదు, అలవాటు అని రాస్తాను. బీరువా తలుపు అలాగే ఉంచి మొత్తం పరీక్ష మళ్ళీ చేద్దాం. ఒక్కో చెవీ విడివిడిగా."

ఈసారి పరీక్ష సాగుతున్నంతసేపూ నాకు పాట పాడాలనిపించింది. కన్నతండ్రికి చెవుడు ఉందని తేలుతుంటే సంబరపడే కూతురు నేనే అయ్యుంటాను. రేపు సంఘం గుమ్మంలో ఆయన చదరంగం పెట్టె చంకలో పెట్టుకుని అడుగుపెట్టడం నాకు కళ్ళకి కట్టింది. బాబాయ్ కూడా లోపలే ఉండిపోయాడు, గోడకి ఆనుకుని, నా భుజం తడుతూ.

పరీక్ష అయ్యాక డాక్టరమ్మ యంత్రం తెర మీద గీతలు నాకు చూపించింది. గీత ఎంత కిందికి జారితే వినికిడి అంత తక్కువట.

ఒక గీత కుడి చెవిది, అక్కడక్కడా కిందికి జారింది. ఇంకోటి ఎడమ చెవిది, కొండ చరియ విరిగినట్టు ఏకంగా అడుగుకి పడిపోయింది. "ఎడమ చెవి దాదాపు లేనట్టే" అంది. తర్వాత తలుపు తీసి మా నాన్నని బయటికి పిలిచి కూర్చోబెట్టి, "ఫిరంగికి మీరు ఏ పక్కన నిలబడేవారు సార్?" అని అడిగింది.

"ఎడమ పక్కన" అన్నాడాయన, పాఠం అప్పజెప్పినట్టు. "గురి కుదిర్చే చక్రాలు ఎడమ పక్కనే ఉంటాయి."

ఆవిడ బీరువాలోంచి ప్లాస్టిక్ చెవి తీసి బల్ల మీద పెట్టి, దాని పక్కన తన పెన్ను పడుకోబెట్టింది. "ఇది ఫిరంగి అనుకోండి. మనిషి దీనికి ఎడమ పక్కన, ముందుకి చూస్తూ నిలబడితే, ఫిరంగి వైపు ఉండేది ఏ చెవి?"

అది నాకు వెన్నతో పెట్టిన విద్య. రోజంతా కారులో ఒకే పక్క కూర్చుంటాను కాబట్టి కిటికీ వైపున్న చెంప నల్లబడింది, రెండోది తెల్లగా ఉంది. సీటు మారితే నల్లబడే చెంప మారుతుంది. "కుడి చెవి" అన్నాను. అని, నా మాట నాకే వినపడి ఆగిపోయాను.

"అవును. ఎడమ పక్కన నిలబడ్డవాళ్ళకి కుడి చెవి ఎక్కువ పోవాలి. ఈయనకి పోయింది ఎడమది. ఇది ఏదో ఒక్కరోజు నిలబడితే వచ్చే గీత కాదు, ఏళ్ళ తరబడి కుడి పక్కన నిలబడ్డ మనిషిది." ఆవిడ గొంతు మెత్తబడింది. "నేను రాయకపోయినా బోర్డువాళ్ళు గీత చూడగానే అడిగే మొదటి ప్రశ్న ఇదే. చెవుడు నిజమే కానీ, ఉద్యోగం వల్ల వచ్చిందని నమ్మరు. మళ్ళీ అబద్ధమనే అంటారు."

ఇందాకటి సంబరమంతా ఆవిరైపోయింది. ఫిరంగికి కుడి పక్కన ఎవరుంటారు? గుళ్ళు పెట్టేవాళ్ళు. మా ఇంట్లో ఆ సంగతి చిన్నపిల్లకి కూడా తెలుసు. నేను మెల్లిగా తల తిప్పి బారెడు బాబాయ్ వైపు చూశాను. ఎన్నో ఏళ్ళుగా చూస్తున్న మనిషే. కానీ ఆయన చెవి యంత్రం ఏ చెవికి ఉందో నేనెప్పుడూ గమనించలేదు.

కుడి చెవికి ఉంది, ఎడమ పక్కన నిలబడి గురి కుదిర్చేవాళ్ళకి పోయే చెవికి.

"బాబాయ్, నీకు ఏ చెవి ఎక్కువ పోయింది?"

బాబాయ్‌కి ఎప్పుడూ మొదటిసారే వినపడదు, రెండుసార్లు చెప్పాలి. ఈసారి మొదటిసారే వినపడింది. నవ్వు లేదు, గట్టి గొంతు లేదు. "రెండూ పోయాయిలే అమ్మాయ్" అని ఎప్పుడూ లేనంత చిన్నగా అన్నాడు. "రెండూ పోయాయి కాబట్టే ఎవరూ అడగలేదు."

డాక్టరమ్మ పెన్ను అలాగే పడుకోబెట్టి మమ్మల్ని ముగ్గుర్నీ మార్చి మార్చి చూస్తోంది. ఆవిడకి ఇంకా సగమే తెలిసింది. నాకు తెలిసింది కూడా సగమే. బీరువా అద్దంలో, అంత దూరం నుంచి, ఒక వేలి కదలిక పట్టేసిన కళ్ళు మా నాన్నవి. అంత చూపున్న మనిషి గురి కుదిర్చే చోటు వదిలి, గుళ్ళు మోసే చోట ఎందుకు నిలబడతాడు? ఒకరోజు కాదు, ఏళ్ళ తరబడి. మరి మా హాల్లో గడియారం కింద వేలాడుతున్న ఆ డాలు ఎవరికిచ్చారు?

మా నాన్న మా మొహాలు చదివాడు. మాటలు వినపడకపోయినా మొహాలు ఆయనకి బాగా వస్తాయి. పెన్ను వైపు, ప్లాస్టిక్ చెవి వైపు చూసి, అర్థమైనట్టు తల ఊపాడు. ఏదో చెప్పడానికి గొంతు సవరించుకున్నాడు.

నా వెనక గాలి కదిలింది. తిరిగి చూస్తే, గోడకి ఆనుకున్న బాబాయ్ నిటారుగా లేచి నిలబడి ఉన్నాడు. అరచెయ్యి మా నాన్న వైపు తిప్పి, మొహం ముందు అడ్డంగా ఊపుతున్నాడు.

మా నాన్న నోరు అలాగే మూతపడింది.

నాకు ఒళ్ళు మండింది. నటన అనే మాట మోస్తూ ఆయన ఇంట్లో మగ్గిపోయిన రోజులన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందు తిరిగాయి. ఆ రోజులన్నిటా ఈ బాబాయ్ మా ఇంటికి వచ్చి, కాఫీ తాగి, ధైర్యం చెప్పి వెళ్ళాడు. అలా అని ఆయన్ని కడిగేయడానికి నాకు నోరు రాలేదు. ఎత్తిన ఆ చెయ్యి దించకుండానే ఆయన కళ్ళు తలుపు కోసం వెతుకుతున్నాయి. నిజం బయటపడితే ఆయనకి ఒప్పుకున్న పింఛను కూడా ఏమవుతుందో ఎవరికి తెలుసు? భయపడే మనిషిని తిట్టడం నాకు చేతకాదు. కారు నేర్పేటప్పుడు కూడా అంతే.

కానీ ఏం చేయాలో తెలిసింది. లేచి వెళ్ళి వాళ్ళిద్దరి మధ్యా నిలబడ్డాను. బాబాయ్ అంత పొడుగు కాదు గాని, మా నాన్న కుర్చీలో కూర్చుని ఉన్నాడు, నేను వంగి ఆయన మొహానికి నా మొహం దగ్గరగా పెట్టాను. ఇప్పుడు ఆయనకి ఇంకెవరి చెయ్యీ కనపడదు, నేనే కనపడతాను.

"చెప్పు నాన్నా" అన్నాను, ఈసారి నిదానంగా.

ఆయన నా భుజం పక్కనుంచి చూడబోయాడు. నేను అటు జరిగాను. ఇటు చూడబోయాడు, ఇటు జరిగాను. చివరికి నా కళ్ళలోకి చూశాడు. తలుపు తీసి బయటికి వచ్చినప్పటికంటే ఇప్పుడే ఏదో గదిలోంచి బయటపడుతున్నవాడిలా ఉన్నాడు.

"నేను ఏనాడూ గురి చూడలేదు తల్లీ" అన్నాడు మా నాన్న.